నా డబ్బాకు కళ్ళు లేవన్నాను

కంప్యూటర్ అబద్ధం చెప్పదని ఉద్యోగం చేసినన్నాళ్ళూ అందరికీ చెబుతూ వచ్చాను. ఆ మాట ఇప్పటికీ వెనక్కి తీసుకోను. కానీ కంప్యూటర్ తరఫున నేను ఒకసారి అబద్ధం చెప్పాను. తెలిసి కాదు, తెలియక. మా అపార్ట్‌మెంట్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసే పిల్లలు చాలామంది ఉన్నారు. లిఫ్టులో కనబడితే "అంకుల్, మీ రోజుల్లో కోడింగ్ ఎలా ఉండేది?" అని నవ్వుతూ అడుగుతుంటారు. బోడుప్పల్‌లో మా లిఫ్టు ఎంత నెమ్మదిగా నడిచినా, నాలుగో అంతస్తు వచ్చేలోపు చెప్పగలిగే సంగతి కాదిది. అందుకే రాస్తున్నాను.

నాచారం పారిశ్రామికవాడలో, మల్లాపూర్ వెళ్ళే దారిలో ఉండేది మా ఫ్యాక్టరీ. కరెంటు స్తంభాల మీద కనిపించే చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు తయారుచేసేవాళ్ళం. నేను కంప్యూటర్ సెక్షన్ ఇన్‌చార్జిని. సెక్షన్ అంటే నేనూ, మూడు కంప్యూటర్లూ, ఒక ఏసీ. ఆ ఏసీ కంప్యూటర్ల కోసమే తప్ప నా కోసం కాదని నాకు రెండుసార్లు కాగితం మీద రాసి మరీ ఇచ్చారు. ఎండాకాలం వచ్చిందంటే మిషన్ల షెడ్డులోంచి ఎవరో ఒకరు "జర సల్లగుంటది" అంటూ వచ్చి నా గదిలో కూర్చునేవారు. కూర్చున్నందుకు నా అభిప్రాయాలు వినాల్సి వచ్చేది. కొందరు వినలేక ఎండలోకే వెళ్ళిపోయారు కూడా.

నా అభిప్రాయాలు మూడింటి మీద ఉండేవి: కంప్యూటర్లు, రాజకీయాలు, సైన్స్ ఫిక్షన్. క్యాంటీన్ బయట నోటీసు బోర్డులో సగం నాకిచ్చారు. ప్రతి సోమవారం ఒక పేజీ టైపు చేసి అంటించేవాణ్ణి. ఒక వారం, ఏ ప్రోగ్రాం అయినా లోపల ఏముందో అందరూ తెరిచి చూసుకునేలా ఉండాలని రాసేవాణ్ణి. ఇంకో వారం, దేశానికి నాయకులు అక్కర్లేదు, మంచి యంత్రం ఒకటి చాలని రాసేవాణ్ణి. ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర గుంట ఒకటి ఉండేది. అదే నా ఉదాహరణ. యంత్రం చేతిలో పాలన ఉంటే, ఆ గుంటలో రోజుకు ఎన్ని బళ్ళు పడుతున్నాయో లెక్క చూసి మర్నాడే పూడ్పించేస్తుంది, శంకుస్థాపనలూ ఉండవు, ఫ్లెక్సీలూ ఉండవు అని. మిగతా వారాల్లో సీరియల్ కథ. మూడువేల సంవత్సరంలో హైదరాబాదు మొత్తం ఒక గాజు కప్పు కింద ఉంటుంది, ఒక మహాయంత్రం దాన్ని ఏలుతుంటుంది. పక్షపాతం లేదు, పైరవీలు లేవు, అందరూ సుఖంగా ఉన్నారు. ఇంతే కథ. అందరూ సుఖంగా ఉంటే కథ ముందుకు నడవదని నాకు చాలాకాలం తట్టలేదు.

నా కథకు మొదటి పాఠకుడు అసెంబ్లీ సెక్షన్ ఫిట్టరు. జనగామ వైపు మనిషి. నాకంటే రెండేళ్ళు చిన్న, అయినా ఇక్కడి అలవాటు ప్రకారం అన్నా అనేవాణ్ణి. చేతులు తుడుచుకుంటూ బోర్డు ముందు నిలబడి, పేజీ అంతా చదివి, తిన్నగా నా గదికి వచ్చేవాడు.

"సారూ, నీ మిషన్‌కు కరెంటు పోతే రాజ్యం ఎవరేలుతరు?"

"యూపీఎస్ ఉంటుంది అన్నా."

"ఆ యూపీఎస్‌కు బ్యాటరీ ఎవరు మారుస్తరు? మేమే గదా. ఇగ రాజ్యం మాదే."

నాకు ఒళ్ళు మండింది. పై వారం కథలో తనంతట తానే మారిపోయే బ్యాటరీ పెట్టాను. అది చదివి వచ్చి, "గా బ్యాటరీలకు యూనియన్ గూడ పెట్టు సారూ, లేకుంటే గోస పడ్తయి" అన్నాడు.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. బందు ఉన్నప్పుడు అతను మౌలాలి నుంచి నడిచి వచ్చేవాడు. నేను స్కూటర్ మీద సందుల్లోంచి వచ్చేవాణ్ణి. నాది తెనాలి వైపు. ఇక్కడికి వచ్చి ఇరవై ఏళ్ళు దాటినా నా మాట మారలేదు. ఫ్యాక్టరీలో ఎవరూ ఎవరితోనూ పోట్లాడలేదు గాని, మాటల్లోకి ఒక జాగ్రత్త వచ్చి చేరింది. క్యాంటీన్‌లో ఒక వైపు వాళ్ళు ఒక బల్ల దగ్గర, ఇంకో వైపు వాళ్ళు ఇంకో బల్ల దగ్గర కూర్చోవడం మొదలైంది. ఫిట్టరన్న మాత్రం తన గిన్నె తెచ్చుకుని నా ఎదురుగానే కూర్చునేవాడు. రాష్ట్రం గురించి నాతో గట్టిగా వాదించేవాడు, వాదిస్తూనే తన చింతకాయ తొక్కు నా కంచంలో వేసేవాడు.

ఆ ఏడాదే మా వర్క్స్ కమిటీ ఎన్నికలు వచ్చాయి. కార్మికులు ఎన్నుకున్న ఐదుగురు మేనేజ్‌మెంట్‌తో కూర్చుని మాట్లాడే కమిటీ అది. రెండు ప్యానెళ్ళు నిలబడ్డాయి. ఒకటో ప్యానెల్ పాతవాళ్ళది, ఆఫీసు ఏం చెబితే దానికి తలూపే రకం. రెండోది ఫిట్టరన్నది. గొడవంతా పద్నాలుగు మంది క్యాజువల్ కార్మికుల గురించి. వాళ్ళలో ఎనిమిది మందినే పర్మనెంట్ చేస్తాం, మిగతా ఆరుగురిని పంపించేస్తాం అని ఆఫీసు చెప్పేసింది. ఎవరిని ఉంచాలో ఆఫీసు ఇష్టం అన్నది ఒకటో ప్యానెల్. చేరిన తేదీల వరస ప్రకారం పర్మనెంట్ చెయ్యాలి, ఎవరినీ తీసెయ్యడానికి వీల్లేదు అన్నది రెండోది. క్యాజువల్స్‌కీ ఓటు ఉంది.

అంతకుముందు ఎన్నికల్లో కాగితం చీటీలు కొన్ని మాయమై పెద్ద రభస అయింది. ఇంకేముంది, నాకు అవకాశం దొరికింది. కంప్యూటర్ మీద ఓటింగ్ పెడదాం, నేను ప్రోగ్రాం రాస్తాను అన్నాను. మా ఎండీ పెద్దాయన సరేనన్నాడు. ఒకటో ప్యానెల్ సరేనంది. ఫిట్టరన్న కాసేపు నా మొహం చూశాడు.

"నీ మీద భరోసతోని సరే అంటున్న సారూ. మిషన్ మీద గాదు."

పొగడ్తనుకున్నాను. దాని బరువు నాకు అప్పుడు తెలియలేదు.

ప్రోగ్రాం నాలుగు పేజీలు వచ్చింది. కీబోర్డులో ఒకటి, రెండు అంకెల మీటలు తప్ప మిగతావన్నీ అట్టముక్కతో మూసేశాను. కంప్యూటర్ చుట్టూ దుప్పటి కట్టించాను. నా సిద్ధాంతం ప్రకారం ఆ నాలుగు పేజీలూ బోర్డు మీద అంటించి, "ఎవరైనా పరీక్షించుకోవచ్చు" అని కింద రాశాను. ఎవరూ పరీక్షించలేదు. ఒకరు మాత్రం పెన్సిలుతో "మంచిగుంది గని హీరోయిన్ లేదు" అని రాసిపోయారు.

ఓటింగు రోజు పొద్దున వైండింగ్ సెక్షన్ ఆమె నా దగ్గరికి వచ్చింది. రాగితీగ చుట్టే పని ఆమెది. భువనగిరి వైపు నుంచి వచ్చి మల్లాపూర్‌లో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేది. మూడేళ్ళుగా క్యాజువల్. ఆ పద్నాలుగు మందిలో ఒకతె. పెద్దగా మాట్లాడేది కాదు. తీగ ఎక్కడైనా మెలిపడితే కళ్ళతో చూడకముందే చెవితో పట్టేస్తుందని సెక్షన్‌లో చెప్పుకునేవారు.

"సార్, ఒక మాట అడుగుత, ఏమనుకోవద్దు. నేనెవరికేసిన్నో ఆ డబ్బాకు ఎరుకైతదా?"

నేను నవ్వాను. పక్కన ఉన్నవాళ్ళు కూడా నవ్వారు.

"దానికి కళ్ళు లేవమ్మా" అన్నాను. "లెక్కపెట్టడం తప్ప దానికేమీ తెలియదు. నిశ్చింతగా వెయ్యి."

ఆమె తలూపి వెళ్ళిపోయింది.

మా ఫ్యాక్టరీలో ఒక అలవాటుంది. టీకి నిలబడినా, దసరా స్వీట్ల డబ్బాలకు నిలబడినా, పనిలో చేరినప్పుడు ఇచ్చే టోకెన్ నంబరు వరసలోనే నిలబడతారు. ఒకటో నంబరు టోకెన్ ముందు, క్యాజువల్స్ చివర. ఎవరూ చెప్పక్కర్లేదు, కాళ్ళు వాటంతట అవే వరసలోకి వెళ్ళిపోతాయి. ఆ రోజూ అలాగే నిలబడ్డారు. పైగా తొక్కిసలాట ఉండకూడదని "టోకెన్ వరసలో రండి" అని మైకులో అరిచింది కూడా నేనే. ట్యాంక్ వెల్డింగ్‌లో పనిచేసే క్యాజువల్ ఒకతను ఓటేసి బయటికొచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. "మంచిగున్నది సార్ మీ డబ్బా. ఎవరి మొఖం సూడకుంట ఏసిన" అన్నాడు. ఆ మాటతో నాకు కడుపు నిండిపోయి మధ్యాహ్నం అన్నం కూడా సరిగా తినలేదు.

సాయంత్రం ఫలితం చెప్పాను. ఒకటో ప్యానెల్ తొమ్మిది ఓట్ల తేడాతో గెలిచింది. ఫిట్టరన్న వాళ్ళతో చేతులు కలిపి, "మిషన్ జెప్పినంక ఏముంది" అని చేతిసంచి తీసుకుని వెళ్ళిపోయాడు. రేపెప్పుడైనా తగాదా వస్తే మళ్ళీ లెక్కపెట్టుకోవచ్చని, పడిన ఓట్లన్నీ వరసగా ప్రింటు తీసి కవర్లో పెట్టి, సీలు వేసి, రికార్డు కోసం హెచ్చార్ మేనేజరుకు ఇచ్చాను. ఈ పాటికి మీలో తెలివైనవాళ్ళకు నేను చేసిన పని అర్థమైపోయి ఉంటుంది. నాకు మర్నాటి దాకా అర్థం కాలేదు.

పొద్దున్నే మేనేజరు పిలిచాడు. మా వైపు మనిషే. నన్ను మాస్టారూ అని పిలిచేవాడు. మెత్తటి మనిషి, బీపీ మాత్రల డబ్బా ఎప్పుడూ బల్ల మీదే ఉండేది. నేను వెళ్ళేసరికి ఆయన ముందు నా ప్రింటు పరిచి ఉంది. కవరు సీలు చింపేసి ఉంది. ప్రింటు పక్కన టోకెన్ల జాబితా. చేతిలో చెక్క స్కేలు.

"మీరు గొప్ప పని చేశారు మాస్టారూ."

"ఏం చేశానండీ?"

"వరసగానే ఉంది కదా అంతా. మొదటి గీత ఒకటో టోకెన్‌ది. నిన్న సెలవులో ఉన్నవాళ్ళను కొట్టేసి చూశాను, గీతలూ మనుషులూ సరిగ్గా సరిపోయారు. ఇదిగో, ఇది మీది."

స్కేలు నా టోకెన్ దగ్గర ఆగింది. పక్కన నా ఓటు. రెండు.

జరిగింది ఇది. ఓటు పడగానే నా ప్రోగ్రాం దాన్ని ఒక ఫైలు చివర చేరుస్తుంది. మొదట వచ్చినవాడి ఓటు మొదటి గీతలో, తరవాత వచ్చినవాడిది తరవాతి గీతలో. పేర్లు లేవు, నంబర్లు లేవు. అంచేత అది రహస్యమే అనుకున్నాను. కానీ మనుషులు టోకెన్ వరసలో వచ్చారు. ఆ వరసే పేర్లు చెప్పేసింది. ఎన్ని ఒకట్లు, ఎన్ని రెళ్ళు అని మొత్తాలు రెండు దాచుకుంటే చాలేది. మళ్ళీ లెక్కపెట్టుకునే వీలుండాలన్న నా తెలివి కొంప ముంచింది. బోర్డు మీద అంటించిన నాలుగు పేజీల్లో, ఓట్లను వరసగా చేర్చమనే ఆ లైను కూడా ఉంది. అందరూ చూసుకునేలా ఉంది, చూడగలిగింది నేనొక్కణ్ణే, నేను చూడలేదు.

"ఇప్పుడు దీంతో మీకేం పనండీ?" అన్నాను.

"ఆరుగురిని పంపించమని పైనుంచి నా ప్రాణం తీస్తున్నారు మాస్టారూ. ఎవరిని పంపాలి? అందరూ బాగానే పనిచేస్తున్నారు. నెల రోజులుగా నిద్ర లేదు నాకు. రేపు గొడవ చేసేవాళ్ళెవరో, చెయ్యనివాళ్ళెవరో తెలిస్తే ఒక దారి దొరికినట్టే కదా." గొంతు తగ్గించాడు. "మనం మనం ఒక వైపు వాళ్ళం. ఈ మాట ఈ గది దాటదు."

అప్పటికే క్యాజువల్స్ జాబితాలో ఎనిమిది పేర్లకు టిక్కులు పడ్డాయి. ఒకటి నొక్కినవాళ్ళకు టిక్కు. వెల్డింగ్ అతనికి లేదు. వైండింగ్ ఆమెకు ఉంది.

ఆ టిక్కు వైపు చూస్తూ ఉండిపోయాను. నా మాట నమ్మి, మనసులో ఉన్నది నొక్కిన ఆరుగురికి ఉద్యోగం పోతుంది. నా మాట నమ్మకుండా, భయపడి, ఆఫీసువాళ్ళకు నచ్చేది నొక్కిన ఆమెకు ఉద్యోగం ఉంటుంది. జీవితంలో నాకు అంత సిగ్గు ఎప్పుడూ వెయ్యలేదు.

కాగితం ఇచ్చెయ్యమని అడిగాను. అది రికార్డు అని సొరుగులో పెట్టేశాడు. నా గదికి వచ్చి ఏసీ కింద కూర్చున్నా చెమటలు ఆగలేదు. నా కంప్యూటర్లో ఫైలు చెరిపేయొచ్చు, ఆయన సొరుగులో కాగితాన్ని చెరపలేను. ఒక్కటే దారి కనిపించింది. ఓట్లు బయటపడిపోయాయని అందరికీ చెప్పెయ్యాలి. అందరికీ తెలిశాక ఆ కాగితం చూసి ఎవరినీ తీసెయ్యలేరు. కానీ చెబితే జనం ఏమంటారో కూడా తెలుసు. ఆంధ్రా మేనేజరు, ఆంధ్రా కంప్యూటరాయన కలిసి చేసిన పని అంటారు. ఆ రోజుల్లో ఆ మాట ఒకసారి పడితే మళ్ళీ ఊడదు. ఇంకోటి కూడా ఉంది. నేను నోరు మూసుకుంటే వైండింగ్ ఆమె ఉద్యోగం ఖాయం. నోరు తెరిస్తే ఆమె పేరు ఏ జాబితాలో తేలుతుందో తెలియదు. మీ దగ్గర దాచడమెందుకు, నా గది తలుపు పట్టుకుని ఎటూ తేల్చుకోలేక చాలాసేపు నిలబడ్డాను. భోజనం గంట కొట్టాక గాని కదల్లేదు.

క్యాంటీన్ నిండా జనం. నోటీసు బోర్డు దగ్గర నిలబడి గట్టిగా చెప్పాను. నిన్నటి ఓట్లు రహస్యం కావని, వరస చూస్తే ఎవరు ఎవరికి వేశారో తెలిసిపోతుందని, ఆ కాగితం ఆఫీసులో ఉందని, తప్పు పూర్తిగా నాదేనని. ఎవరి ఓటు ఏమిటో మాత్రం చెప్పలేదు.

వెనక నుంచి ఒకతను అరిచాడు. "కావాల్నని జేసిన్రు! మేనేజరూ ఈనా ఒక్క దిక్కోళ్ళే గదా!"

ఇంకో ఇద్దరు లేచి నిలబడ్డారు. నేను ఫిట్టరన్న వైపు చూశాను. అతను ముద్ద మింగి, నీళ్ళు తాగి, మెల్లగా లేచాడు.

"కావాల్నని జేసెటోడు గిట్ల నిలవడి చెప్తడారా? కూసో" అన్నాడు అరిచినవాడితో. తరవాత నా వైపు తిరిగాడు. "గని సారూ, వైండింగ్ పిల్ల నిన్న నిన్ను అడిగిందట గదా, డబ్బాకు ఎరుకైతదా అని."

"అడిగింది."

"నువ్వు నవ్వినవట."

"నవ్వాను."

"ఎందుకు నవ్వినవ్?"

తిట్టినా బాగుండేది. నాలుగు వందల మంది కూర్చునే ఆ రేకుల షెడ్డులో తల వంచుకుని నిలబడ్డాను. ఆడవాళ్ళ బల్ల దగ్గర ఆమె తన కంచం వైపే చూస్తోంది.

ఆ మధ్యాహ్నం ఎవరూ మిషన్ల దగ్గరికి వెళ్ళలేదు. నినాదాల్లేవు, గొడవా లేదు, ఊరికే క్యాంటీన్‌లో కూర్చున్నారు. ఎండీ పెద్దాయన వచ్చి సంగతి విని, మేనేజరు చేత ఆ కాగితం తెప్పించి ఫిట్టరన్న చేతికే ఇచ్చాడు. అతను దాన్ని విప్పను కూడా లేదు, అలాగే తీసుకెళ్ళి క్యాంటీన్ పొయ్యిలో పెట్టాడు. నా కంప్యూటర్లో ఫైలు అందరూ చూస్తుండగా చెరిపేశాను. మళ్ళీ ఓటింగు పెట్టాలని తేల్చారు.

సిగ్గులేనివాణ్ణి, అప్పుడు కూడా ఊరుకోలేదు. "వరస కలిపేసేలా ప్రోగ్రాం మార్చడం పది నిమిషాల పని" అన్నాను.

"వద్దు సారూ," అన్నాడు ఫిట్టరన్న. "ఈసారి మాకు సమజయ్యేదే పెడదాం. నువ్వు తప్పులు ఎతుకు. గది నీ పని."

అతని పద్ధతి ఇది. ఒక్కొక్కరికీ రెండు వాషర్లు ఇస్తారు, ఒకే కొలత. ఇత్తడిది ఒకటో ప్యానెల్, ఇనుపది రెండోది. దుప్పటి వెనక్కి వెళ్ళి, కావాల్సినది ఓటు డబ్బాలో, వద్దన్నది పక్క డబ్బాలో వెయ్యాలి. ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ వచ్చే రేకు డబ్బాలు రెండు కడిగి మూతలకు బెజ్జాలు పెట్టారు. నేను చుట్టూ తిరిగి చూశాను. వెలుతురు చూశాను, దుప్పటి అంచులు చూశాను, డబ్బాలో చెయ్యి పడుతుందేమో చూశాను. అంతా బాగానే ఉంది అన్నాను.

"బాగలేదు సార్."

వైండింగ్ ఆమె. డబ్బా దగ్గరికి వచ్చి ఒక ఇత్తడి వాషరు, ఒక ఇనుప వాషరు లోపల పడేసింది. "ఇత్తడిది ఒక తీరు మోగుతున్నది, ఇనుపది ఒక తీరు. మా వైండింగోళ్ళు బయట నిలవడి చెప్తరు ఎవరేదేసిన్రో."

నేను నమ్మలేదు. ఆమె గోడ వైపు తిరిగి నిలబడింది. ఫిట్టరన్న ఒక్కొక్కటే ఐదు వాషర్లు వేశాడు. "ఇత్తడి. ఇనుము. ఇనుము. ఇత్తడి. ఇనుము." ఐదూ సరిగ్గా చెప్పింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. రెండు డబ్బాల అడుగునా మిషన్లు తుడిచే నూలు వేస్టు మందంగా పరిచి మళ్ళీ వేసి చూశాం. ఆమె చాలాసేపు చెవి పెట్టి వింది. "ఇప్పుడు తెలుస్తలేదు" అంది. తరవాత నా వైపు చూడకుండానే ఇంకో మాట చేర్చింది. "టోకెన్ వరస గూడ వద్దు. ఎవరిష్టమొచ్చినట్టు వాళ్ళు రానీయండి."

మూడో రోజు ఓటింగు జరిగింది. టోకెన్ వరస లేకుండా నిలబడడం మావాళ్ళకు ఎంత కష్టమైందో చెప్పలేను. ఫిట్టరన్న మనుషుల భుజాలు పట్టుకుని అటూ ఇటూ మార్చాల్సి వచ్చింది. సాయంత్రం ఓటు డబ్బాను క్యాంటీన్ బల్ల మీద బోర్లించి, స్టోర్స్‌లోంచి పెద్ద అయస్కాంతం తెచ్చి తిప్పారు. ఇనుము పైకి లేచింది, ఇత్తడి బల్ల మీద మిగిలింది. లెక్కపెట్టకముందే అందరికీ తెలిసిపోయింది. రెండో ప్యానెల్ ముప్పైకి పైగా ఓట్ల తేడాతో గెలిచింది.

జనం ఈలలు వేస్తుంటే నేను తీసివేతలు చేసుకుంటూ కూర్చున్నాను. తొమ్మిది ఓట్లతో ఓడినవాళ్ళు ముప్పై ఓట్లతో గెలవాలంటే ఇరవై మందైనా అటు నుంచి ఇటు మారి ఉండాలి. రెండు రోజుల్లో మనసులు మారలేదు. ఆ ఇరవై మందీ మొదటి రోజునే నా డబ్బాను నమ్మలేదు. ఒక్కరికీ కోడ్ చదవడం రాదు. బోర్డు మీది నాలుగు పేజీలూ ఎవరికీ అక్కర్లేకపోయింది. ఆఫీసు గదిలో ఉండే వస్తువు ఎవరి మనిషో వాళ్ళకు తెలుసు, అంతే.

హెచ్చార్ మేనేజరు నామీద కోపంతో నా సగం బోర్డు తీసేశాడు. కొత్త కమిటీ మొదటి మీటింగులో మొదటి డిమాండు టీ గ్లాసులు సరిగా కడగాలని, రెండోది నా బోర్డు నాకు ఇచ్చెయ్యాలని. "గా గాజు పట్నం ఏమైందో మాకు తెల్వాలె" అన్నాడట ఫిట్టరన్న. అప్పుడు కథ ముగించాను. ఒక ఆడమనిషి మహాయంత్రం ముందుకు వచ్చి, నేనేమనుకుంటున్నానో నీకు తెలుసా అని అడుగుతుంది. యంత్రం సిగ్గుపడి తన కళ్ళు తానే మూసేసుకుంటుంది. ఫిట్టరన్న చదివి పెదవి విరిచాడు. "మిషన్ గంత మంచిదైతదా సారూ? ఆమెతోని తీగ కోపియ్యి." మళ్ళీ రాశాను, తీగ కోయించాను. రాజకీయాల మీద నా అభిప్రాయం మారిందా అంటే కొంచెం మారింది. ఆ గుంట విషయంలో మాత్రం మారలేదు.

పర్మనెంట్ సంగతి చెప్పాలి. కమిటీ పట్టుబట్టి చేరిన తేదీల వరస ఒప్పించింది. ఎనిమిది మంది పర్మనెంట్ అయ్యారు, వెల్డింగ్ అతను వాళ్ళలో ఉన్నాడు. మిగతా ఆరుగురిని పంపించకుండా ఆపగలిగారు గాని, ఖాళీలు వచ్చేదాకా క్యాజువల్‌గానే ఉండమన్నారు. ఆ వరసలో వైండింగ్ ఆమె తొమ్మిదోది. నేను నోరు మూసుకుని ఉంటే ఆ నెలలోనే పర్మనెంట్ అయ్యే మనిషి, ఏడాదిన్నర ఆగాల్సి వచ్చింది. చేసింది తప్పు అనుకోలేదు. కానీ వైండింగ్ సెక్షన్ మీదుగా వెళ్ళాల్సి వస్తే షెడ్డు చుట్టూ తిరిగి వెళ్ళేవాణ్ణి.

రాష్ట్రం వచ్చిన ఏడాదే నేను రిటైరయ్యాను. క్యాంటీన్‌లో శాలువా కప్పి, సమోసాలు పెట్టారు. "రాష్ట్రమొచ్చింది, ఇగ నువ్వెటు పోతవ్ సారూ?" అని ఫిట్టరన్న మైకులోనే అడిగాడు. "బోడుప్పల్‌కే పోతాను, ఇంకెక్కడికి పోతాను" అన్నాను. "గట్లయితే మా వదినెకు జెప్పు, ఆదివారం వస్తున్న, తొక్కు నేనే తెస్త" అన్నాడు. అందరూ నవ్వారు. నేను కళ్ళజోడు తుడుచుకున్నాను.

జనం పలచబడ్డాక వైండింగ్ ఆమె వచ్చింది. అప్పటికి పర్మనెంట్ అయి చాలాకాలమైంది, చీర మీద సీనియర్లు వేసుకునే నీలం కోటు. నా చేతిలో ఒక చిన్న వస్తువు పెట్టింది. ఒక ఇత్తడి వాషరు, ఒక ఇనుప వాషరు, రెండింటినీ కలిపి రాగితీగతో చుట్టింది. చుట్టు మీద చుట్టు పడకుండా, మధ్యలో వెంట్రుకంత సందు లేకుండా చుట్టింది. అది చూశాక ఇంక దాచుకోలేకపోయాను.

"అమ్మా, నీకొక మాట చెప్పాలి. ఆ కాగితంలో నీ గీత నేను చూశాను."

"తెలుసు సార్."

"ఎలా తెలుసు?"

"ఆ దినం సంది మీరు నా మొఖం సూడలే గదా." చీరకొంగు సర్దుకుంది. "ఒకటి నొక్కిన. భయమైంది సార్. మీరు నవ్విన్రు గని, నేనడిగినదానికి జవాబియ్యలే. తర్వాత క్యాంటీన్ల అందరి ముంగట ఇచ్చిన్రు. నాకు ఏడాదిన్నర ఎనకవడ్డది మీ వల్ల."

"క్షమించమ్మా."

"ఎందుకు సార్? వెల్డింగన్న పిల్లలు బడికి పోతున్నరు."

చేతిలో ఆ రెండు వాషర్లూ అటూ ఇటూ తిప్పాను. అప్పుడు నా పాత బుద్ధి పోనిచ్చుకోక, నోరు జారాను.

"మరి రెండోసారి ఏది వేశావమ్మా?"

ఆమె నవ్వింది. ఆ ఫ్యాక్టరీలో ఆమె నవ్వగా చూడడం నాకదే మొదటిసారి.

"గది మాత్రం చెప్ప సార్" అని, టీ గ్లాసులు తీసుకురావడానికి లోపలికి వెళ్ళిపోయింది.